పెదవి మీది పొక్కు నుంచి జననాంగ హెర్పిస్ రాగలదా? ముఖరతి ద్వారా సోకే వ్యాధుల గురించి

మీరు రాసినదాని సారాంశం ఇది. మీ భర్తకు చిన్నప్పటి నుంచి ఏడాదికి ఒకటి రెండు సార్లు పెదవి అంచున నీటిపొక్కులు వచ్చి వాటంతట అవే మానిపోతుంటాయి. ఈ మధ్య మీకు జననాంగాల దగ్గర విపరీతమైన మంటతో పుండ్లు లేచాయి, జ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్లలు కట్టాయి. పుండు నుంచి తీసిన స్వాబ్‌ను పరీక్షిస్తే హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 అని తేలింది. మీ భర్తకు జననాంగాల దగ్గర ఎన్నడూ పుండు రాలేదు. మీ ఇద్దరికీ వేరే సంబంధాలు లేవంటున్నారు, అయినా ఒకరినొకరు అనుమానించుకునే పరిస్థితి వచ్చింది. ముఖరతి, అంటే ఓరల్ సెక్స్ ద్వారా ఇది రావడం సాధ్యమేనా, ఇంకా ఏ జబ్బులు ఇలా సోకుతాయి, ఎలా కాపాడుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు.

సాధ్యమే. మీరు చెప్పిన వివరాలన్నిటినీ కలిపి చూస్తే అన్నిటికంటే సహజమైన వివరణ కూడా అదే. చాలా ఏళ్లుగా సుఖవ్యాధుల చికిత్స చేస్తున్న వైద్యుడిగా నేను చూసిన దాంట్లో, ఈ ఒక్క విషయం సమయానికి తెలియక విడిపోయేదాకా వెళ్లిన దంపతులు తక్కువేమీ కాదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. టైప్ 1 నోటికి, టైప్ 2 జననాంగాలకు పరిమితమని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లో విడదీసి చెప్పేవారు. ఆ విభజన ఇప్పుడు చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020 నాటికి 50 ఏళ్లలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి, అంటే దాదాపు మూడింట రెండు వంతుల మందికి టైప్ 1 ఉంది. వారిలో అత్యధికులకు అది చిన్నతనంలోనే పెద్దల ముద్దుల ద్వారా, లాలాజలం ద్వారా సోకింది. చాలామందికి తమలో ఆ వైరస్ ఉన్నట్టే తెలియదు. చిన్నతనంలో సోకనివారు పెద్దయ్యాక ముఖరతి ద్వారా అదే వైరస్‌ను మొదటిసారి జననాంగాల దగ్గర పొందగలరు. అనేక సంపన్న దేశాల్లో యువతీయువకులకు తొలిసారి వచ్చే జననాంగ హెర్పిస్‌లో ఇప్పుడు టైప్ 1 వాటా చాలా పెద్దది. బాల్యంలో ఆ వైరస్ సోకేవారు అక్కడ తగ్గిపోవడం, ముఖరతి సాధారణం కావడం, ఈ రెండూ దానికి ప్రధాన కారణాలని వైద్యులు భావిస్తున్నారు.

ఇది సోకే తీరు తెలిస్తే మిగతా సందేహాలు సగం వాటంతట అవే తీరుతాయి. హెర్పిస్ ప్రధానంగా చర్మం నుంచి చర్మానికి, పలుచని తడిపొర నుంచి తడిపొరకు అంటుకునే జబ్బు. దీనికి వీర్యం లోపలికి వెళ్లనవసరం లేదు, సంభోగం పూర్తికానవసరం లేదు. పెదవి మీదో నోటి లోపలో ఉన్న వైరస్, పెదవులో నాలుకో తాకిన చోట యోని పెదాల మీదికో, పురుషాంగం మీదికో, మలద్వారం చుట్టూ ఉన్న చర్మం మీదికో చేరి, కంటికి కనిపించనంత చిన్న గీరుల ద్వారా లోపలికి ప్రవేశిస్తుంది. సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో మొదటి పుండ్లు కనిపిస్తాయి. అవి మానాక వైరస్ శరీరాన్ని వదిలిపోదు. నరం వెంట వెనక్కి వెళ్లి ఆ భాగానికి చెందిన నాడీకణుపులో, అంటే నరాల కణాలు గుంపుగా ఉండే ముడిలో, నిద్రాణంగా ఉండిపోతుంది. నోటి హెర్పిస్ ముఖానికి సంబంధించిన నాడీకణుపులో, జననాంగ హెర్పిస్ నడుము కింది భాగంలోని నాడీకణుపుల్లో దాగి ఉంటుంది. ఎక్కడ ప్రవేశించిందో ఆ ప్రాంతంలోనే మళ్లీ మళ్లీ పైకి వస్తుంది కనుకనే మీ భర్తకు పెదవి మీద, మీకు కింద వచ్చింది. ఆయనకు జననాంగాల దగ్గర పుండు లేకపోవడం ఇక్కడ వింతేమీ కాదు.

ఇక ఎక్కువమందిని తప్పుదారి పట్టించే అంశం ఒకటుంది. పొక్కు కనిపించినప్పుడు మాత్రమే వైరస్ బయటికి వస్తుందని అనుకోవడం పొరపాటు. పొక్కు ఉన్న రోజుల్లో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ; పొక్కు రాబోయే ముందు పెదవి చిమచిమలాడే ఆ కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక పూర్తి రోజు కూడా ప్రమాదకరమే. కానీ ఏ లక్షణమూ లేని రోజుల్లో సైతం అప్పుడప్పుడూ లాలాజలంలోకి వైరస్ విడుదలవుతూ ఉంటుంది. చాలా సంక్రమణలు అలాంటి రోజుల్లోనే జరుగుతాయి. అందువల్ల "పెదవి బాగున్నప్పుడే కలిశాం కదా" అన్నంత మాత్రాన మీ భర్త నుంచి రాలేదని చెప్పలేం. ఇన్నేళ్లు రానిది ఇప్పుడే వచ్చిందేమిటన్న ప్రశ్నకు సమాధానం కూడా దాదాపు ఇదే. సంవత్సరాల తరబడి కలిసి జీవించాక సోకిన వారిని నేను చూశాను.

ఏ పరీక్షా వైరస్ ఎవరి నుంచి వచ్చిందో, ఏ రోజున వచ్చిందో చెప్పలేదన్నది కూడా నిజాయితీగా చెప్పాలి. స్వాబ్ పరీక్ష ఏ రకమో చెబుతుంది, అంతే. కానీ టైప్ 1 అని తేలడం, మీ భర్తకు పెదవి పొక్కుల చరిత్ర ఉండటం, మీరిద్దరూ ముఖరతిలో పాల్గొనడం, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నప్పుడు మూడో మనిషిని వెతకవలసిన అవసరం లేదు. మనసు కుదుటపడాలంటే, ఆయనకు ఈసారి పెదవి మీద పొక్కు లేచినప్పుడు వీలైనంత త్వరగా, పొక్కు తడిగా ఉండగానే స్వాబ్ తీయించి, వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్ష చేయించండి. అది కూడా టైప్ 1 అని తేలితే ఈ వివరణకు బలం చేకూరుతుంది. ఒక జాగ్రత్త: నోటి లోపల బుగ్గకో నాలుకకో వచ్చే తెల్లటి నోటిపూత హెర్పిస్ కాదు, అది అంటుకోదు. పెదవి అంచున గుంపుగా లేచి, పగిలి, పక్కు కట్టే నీటిపొక్కులే హెర్పిస్ పొక్కులు. ఈ రెండింటినీ కలిపేసుకుని అనవసరంగా భయపడేవారూ ఉన్నారు, అనవసరంగా ధైర్యపడేవారూ ఉన్నారు.

మీకు ఊరట కలిగించే సంగతులు కొన్ని ఉన్నాయి. జననాంగాల దగ్గర టైప్ 1 సోకినప్పుడు మొదటి విడత బాధాకరంగా ఉన్నా, తర్వాత అది టైప్ 2 కంటే చాలా తక్కువగా తిరగబెడుతుంది. టైప్ 2 ఉన్నవారికి మొదటి ఏడాదిలో నాలుగైదు సార్లు రావడం మామూలు. టైప్ 1 ఉన్నవారిలో ఎక్కువమందికి మొదటి ఏడాదిలో ఒకసారి వస్తుంది, లేదా అసలే రాదు, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అలాగే మీ భర్తకు ముందు నుంచే టైప్ 1 ఉన్నట్టయితే ఆయన శరీరంలో దానికి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఏర్పడి ఉంటాయి కనుక, మీ నుంచి అదే రకం ఆయనకు జననాంగాల దగ్గర కొత్తగా సోకే అవకాశం చాలా తక్కువ. అయితే టైప్ 1 ఉన్నంత మాత్రాన టైప్ 2 రాకుండా పూర్తి రక్షణ ఉండదు.

మొదటి విడతలో ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్ మందుల్లో ఏదో ఒకటి డాక్టర్ సలహా మీద 7 నుంచి 10 రోజులు వాడతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఈ మందులు వైరస్‌ను శరీరం నుంచి తుడిచిపెట్టవు, కానీ పుండ్ల తీవ్రతనూ రోజులనూ తగ్గిస్తాయి. పుండ్లు ఉన్న రోజుల్లో వాటిని తాకిన వేలితో కంటిని ముట్టుకోకండి, పుండ్లను ముట్టుకుంటే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి; మొదటి విడతలో శరీరానికి ఇంకా రక్షణ ఏర్పడి ఉండదు కనుక వైరస్ అదే మనిషిలో కంటికో వేలికో అంటుకునే ప్రమాదం ఉంది. మూత్రం పోసేటప్పుడు మంట భరించలేకపోతే గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ మూత్రం పోయండి. మంట వల్లనో, నరాల ప్రభావం వల్లనో మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మరుగుదొడ్డి కుర్చీల నుంచి, ఈతకొలనుల నుంచి ఇది సోకదు. ఆ భయం పెట్టుకోకండి.

రక్తపరీక్ష గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఏ లక్షణమూ లేనివారు "ఒకసారి చూసుకుందాం" అని హెర్పిస్ రక్తపరీక్ష చేయించుకోవడాన్ని నేను సమర్థించను. రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే ఐజీజీ పరీక్షలో టైప్ 1 ఉందని వస్తే అది నోట్లో ఉందో కింద ఉందో తెలియదు. జనాభాలో మూడింట రెండు వంతుల మందికి అలాగే వస్తుంది. టైప్ 2 విషయంలో తక్కువ స్థాయిలో పాజిటివ్ అని వచ్చిన ఫలితాలు తరచూ తప్పుగా తేలుతాయి. సోకిన కొత్తలో ప్రతిరక్షకాలు ఏర్పడటానికి కొన్ని వారాలు పడుతుంది కనుక నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండలేం. తొలిదశ ప్రతిరక్షకాలను వెతికే ఐజీఎం పరీక్ష అయితే కొత్తదో పాతదో కూడా నమ్మకంగా చెప్పలేదు. అలాంటి కాగితాన్ని చేతిలో పెట్టుకుని కాపురాలు కూలగొట్టుకున్నవారు ఉన్నారు. పుండు ఉన్నప్పుడు పుండు నుంచి తీసిన స్వాబే నమ్మదగినది.

ఇక ఇతర వ్యాధుల సంగతి. ముఖరతి వల్ల గర్భం రాదు కాబట్టి జబ్బులూ రావని చాలామంది అనుకుంటారు. గొంతు కూడా, జననాంగాల్లాగే, సుఖవ్యాధులు కాపురం పెట్టగల చోటేనని గుర్తిస్తే ఈ పొరపాటు జరగదు.

గొంతులోని గనేరియా నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. మనవాళ్లు సెగవ్యాధి అని పిలిచే ఈ జబ్బు పురుషుల మూత్రనాళంలో వస్తే చీము, మంట స్పష్టంగా కనిపిస్తాయి. గొంతులో వస్తే ఎక్కువమందికి ఏమీ తెలియదు, కొందరికి మామూలు గొంతునొప్పిలా అనిపించి తగ్గిపోతుంది. అలా తెలియకుండా ఉన్న గొంతు నుంచి భాగస్వామి మూత్రనాళానికి మళ్లీ సోకుతుంది. గొంతులో మామూలుగా నివసించే, గనేరియా క్రిమికి దగ్గరి బంధువులైన నైసీరియా జాతి బాక్టీరియా నుంచి గనేరియా క్రిమి యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులను అందిపుచ్చుకోగలదు. మందులకు లొంగని గనేరియా పుట్టుకలో గొంతుకు ముఖ్యపాత్ర ఉందని నిపుణులు భావించడానికి కారణం ఇదే. గొంతు గనేరియాను నయం చేయడం కూడా జననాంగాలలో ఉన్నదానికంటే కష్టం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత 7 నుంచి 14 రోజుల్లో మళ్లీ గొంతు స్వాబ్ తీసి పూర్తిగా పోయిందో లేదో చూడమని మార్గదర్శకాలు చెప్పేది అందుకే. మందుల దుకాణంలో అడిగి నాలుగు బిళ్లలు మింగి ఊరుకోవడం ఇక్కడ పనికిరాదు. క్లమీడియా అనే మరో బాక్టీరియా సుఖవ్యాధి కూడా గొంతుకు సోకుతుంది గాని తక్కువగా, అది పెద్దగా బాధపెట్టదు.

సిఫిలిస్, పాత మాటలో సవాయి, విషయానికి వస్తే నోరు దానికి రెండు వైపులా దారే. పురుషాంగం మీదో యోని దగ్గరో నొప్పి లేని పుండు ఉన్నవారికి ముఖరతి చేస్తే పెదవి మీదో నాలుక మీదో గొంతులోనో అలాంటి పుండు లేస్తుంది; నోట్లో అలాంటి పుండు ఉన్నవారు ముఖరతి చేస్తే ఎదుటివారి జననాంగాలకు సోకుతుంది. సగటున మూడు వారాలకు, 10 నుంచి 90 రోజుల మధ్యలో ఎప్పుడైనా, ఈ పుండు కనిపించవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి నాలుక కొరుక్కున్నామనో పన్ను గీసుకుందనో వదిలేస్తారు. చికిత్స లేకుండానే కొన్ని వారాల్లో మానిపోతుంది. కానీ జబ్బు మానదు, రక్తంలోకి చేరి తర్వాతి దశకు వెళుతుంది. షికాగోలో 2000 నుంచి 2002 వరకు నమోదైన సిఫిలిస్ రోగుల్లో సుమారు ఏడుగురిలో ఒకరు తమకు ముఖరతి ద్వారానే సోకిందని చెప్పారు. స్వలింగ సంపర్కం గల పురుషుల్లో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. నోట్లో రెండు వారాలు దాటినా మానని నొప్పిలేని పుండు ఏదైనా సరే డాక్టరుకు చూపించాలి. ఈ జబ్బుకు పెన్సిలిన్ ఇప్పటికీ అద్భుతంగా పనిచేస్తుంది.

పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీని ప్రభావం రోజుల్లో కాదు, దశాబ్దాల తర్వాత కనిపిస్తుంది. ముఖరతి ద్వారా ఈ వైరస్ గొంతులోకి చేరుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కొద్దిమందిలో, ముఖ్యంగా 16వ రకం సోకినప్పుడు, అది అలాగే ఉండిపోయి చాలా ఏళ్లకు టాన్సిల్ లేదా నాలుక మొదట్లో క్యాన్సర్‌గా మారుతుంది. పొగాకు ముట్టనివారికి కూడా ఈ క్యాన్సర్ రావడం, స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువగా కనిపించడం గమనించవలసిన అంశాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఈ వైరస్ కారణమని కనుగొన్న హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దీనికి టీకా 2006 నుంచి అందుబాటులో ఉంది. లైంగిక జీవితం మొదలుకాకముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే అత్యుత్తమంగా పనిచేస్తుంది. మగపిల్లలకు కూడా వేయించమని నేను అడిగినవారందరికీ చెబుతాను. మెడలో నొప్పిలేని గడ్డ వారాల తరబడి తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించడం వాయిదా వేయకండి.

హెచ్ఐవీ విషయంలో భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. ముఖరతి ద్వారా హెచ్ఐవీ సోకే అవకాశం సంభోగంతో పోలిస్తే చాలా స్వల్పం. లాలాజలానికే ఆ వైరస్‌ను అణచే గుణం కొంత ఉంది. అయినా నోట్లో పుండ్లు, చిగుళ్ల నుంచి రక్తస్రావం, నోట్లో వీర్యస్ఖలనం, లేదా వేరే సుఖవ్యాధి ఉన్నప్పుడు ప్రమాదం కొంత పెరుగుతుంది. హెచ్ఐవీ ఉన్న భాగస్వామి మందులు క్రమం తప్పకుండా వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరితే లైంగికంగా ఇతరులకు సోకదు. నిజంగా ప్రమాదం ఉందని అనిపించినప్పుడు 72 గంటలలోపు వైద్యుడిని కలిస్తే నివారణ మందులు మొదలుపెట్టాలో వద్దో నిర్ణయిస్తారు.

నోరు మలద్వారాన్ని తాకినప్పుడు జాబితా మారిపోతుంది. హెపటైటిస్ ఎ కామెర్లు, రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా, జియార్డియా వంటి పేగు పరాన్నజీవులు ఆ దారిలో సోకుతాయి. కంటికి కనిపించనంత మలం సరిపోతుంది. హెపటైటిస్ ఎ, బి రెండింటికీ టీకాలున్నాయి. విరేచనాలు అవుతున్నవారు తగ్గేదాకా కొన్నాళ్లు దూరంగా ఉండటమే మార్గం.

అలాగే, గొంతులో, ముక్కులో మామూలుగా ఉండే క్రిములు కూడా మూత్రనాళానికి చేరి మంట పుట్టించగలవు. జలుబు చేయించే ఎడినోవైరస్ ముఖరతి తర్వాత పురుషుల మూత్రనాళంలో మంటను, కొందరిలో దానితోపాటు కళ్లకలకను కూడా తెస్తుంది. ఇలాంటప్పుడు గనేరియా, క్లమీడియా పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చి రోగి మరింత గందరగోళపడతాడు. డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెబితే ఇది సులభంగా తెలుస్తుంది.

పరీక్షల విషయంలో నేను మరీ మరీ చెప్పేది ఇదే. మూత్రపరీక్ష గొంతులో ఉన్న గనేరియాను చూపించదు. గొంతుకు సోకిందేమోనన్న అనుమానం ఉంటే గొంతు స్వాబ్ తీయాలి. మీరు చెప్పకపోతే చాలామంది వైద్యులు తీయరు. సిగ్గుపడి "మామూలు పరీక్షలన్నీ చేయండి" అంటే అసలు చోటే తప్పిపోతుంది. నోటితో చేశారా, చేయించుకున్నారా, ఎక్కడ తాకింది అన్నవి వైద్యుడికి రోగ నిర్ధారణకు కావలసిన వివరాలే తప్ప మీ నడవడి గురించిన విచారణ కాదు. మీ వైద్యుడు దాన్ని విచారణలా మార్చితే వేరే వైద్యుడిని వెతుక్కోండి.

ఇక జాగ్రత్తలు. పురుషాంగానికి కండోమ్, యోనికీ మలద్వారానికీ డెంటల్ డ్యామ్ అనే పలుచని రబ్బరు పొర వాడితే చాలా వ్యాధుల ప్రమాదం తగ్గుతుంది. డెంటల్ డ్యామ్ దొరకకపోతే కండోమ్ కొనను కత్తిరించి, నిలువునా చీల్చి పరిస్తే అదే పని చేస్తుంది. రబ్బరు పలుచనై చిరిగిపోతుంది కనుక నూనె గానీ వాసలిన్ గానీ దానికి రాయకూడదు. హెర్పిస్, హెచ్‌పీవీ మాత్రం పొర కప్పని చర్మం మీద కూడా ఉండగలవు కాబట్టి ఈ రక్షణ పూర్తిది కాదు. ముఖరతికి కాస్త ముందు పళ్లు గట్టిగా తోముకోవడం, పళ్ల సందుల్లో దారంతో శుభ్రం చేసుకోవడం మంచిది కాదు, చిగుళ్లు గీరుకుని దారి ఏర్పడుతుంది. మౌత్‌వాష్ పుక్కిలిస్తే గనేరియా పోతుందన్న ఆశతో ఆస్ట్రేలియాలో పరీక్షలు చేశారు గాని, దాన్ని రక్షణగా నమ్ముకోదగిన ఫలితం రాలేదు. వాలసైక్లోవిర్ రోజూ వాడితే భాగస్వామికి టైప్ 2 సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం చూపింది. టైప్ 1 విషయంలో అలాంటి రుజువు లేదు, కాబట్టి మీ భర్త విషయంలో ఆ మందు అవసరమయ్యేది పెదవి పొక్కులు తరచూ ఇబ్బంది పెడితేనే. మీకు ఇప్పటికే టైప్ 1 ఉంది కనుక ఆయన నోటి నుంచి మళ్లీ అదే మీకు కొత్త చోట సోకే అవకాశం తక్కువ. అయినా ఆయన పెదవి చిమచిమలాడటం మొదలైనప్పటి నుంచి పక్కు రాలి చర్మం మామూలయ్యేదాకా, మీకు పుండ్లు ఉన్నన్నాళ్లూ, ముఖరతి మానండి. మీ ఇద్దరికీ అసౌకర్యమే గాని అది కొద్ది రోజుల సంగతి.

చివరగా, మీరు గర్భం కోసం ప్రయత్నిస్తున్నట్టు రాశారు, అందుకే ఇది తప్పనిసరిగా చెప్పాలి. గర్భిణికి ప్రసవానికి దగ్గరలో మొదటిసారి జననాంగ హెర్పిస్ సోకితే బిడ్డకు సోకే ప్రమాదం 30 నుంచి 50 శాతం వరకు ఉంటుంది, పుట్టిన బిడ్డలో అది ప్రాణాంతకం కాగలదు. తల్లికి ముందు నుంచే ఉంటే ఆమె ప్రతిరక్షకాలు బిడ్డకు చేరడం వల్ల ఆ ప్రమాదం ఒక శాతానికి లోపే ఉంటుంది. మీకు ఇప్పుడే వచ్చింది కాబట్టి గర్భం నాటికి మీరు రెండో కోవలోకి వస్తారు. మీ ప్రసూతి వైద్యురాలికి ఈ విషయం మొదటి సందర్శనలోనే చెప్పండి. 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ ఇవ్వడం, ప్రసవ సమయంలో పుండ్లు ఉంటే సిజేరియన్‌కు నిర్ణయించడం ఆమె చూసుకుంటారు. పెదవి పొక్కులు వచ్చే భర్త ఉండి తనకు ఇంతవరకు హెర్పిస్ లేని గర్భిణి ఎవరైనా ఇది చదువుతుంటే, చివరి మూడు నెలల్లో ఆయనతో ముఖరతిని పూర్తిగా మానుకోవాలి. బిడ్డ పుట్టాక మీ భర్త పెదవి మీద పొక్కు ఉన్నన్ని రోజులు పసిబిడ్డను ముద్దుపెట్టుకోకూడదు. ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.